డాక్టరు గారి కారు సీట్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు నన్ను పిలిచి, "డాక్టరు గారి అంబాసిడర్ బాగు చేయించే పని నువ్వే చూశావు కదా, దాని గురించి ఒక అరగంట మాట్లాడు" అన్నారు. కారు మొత్తం అరగంటలో పట్టదు. ఇంజను గురించి, రేకు పని గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. అందుకని నేను సీట్ల వరకే మాట్లాడతాను. అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది కూడా సీట్ల దగ్గరే.

ముందు ఒక చట్టం సంగతి చెప్పాలి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాడకం బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. కొత్తగా నమోదు చేయించుకోవడానికి ఫీజు 20,000 రూపాయలు. ఆ లెక్కన ఈ ముందు వరసల్లో ఉన్న మనమంతా వింటేజే. అసలు రూపంలో ఎంతమందిమి ఉన్నామన్నది వేరే మాట.

ఆ నిబంధనలో ఛాసీ పేరు ఉంది, బాడీ పేరు ఉంది, ఇంజను పేరు ఉంది. సీట్ల పేరు లేదు. అంటే సీట్లకు పులిచారల గుడ్డ కుట్టించినా అడిగేవాడు లేడు. కానీ ఒక పాత కారు తలుపు తీసిన మనిషి ముందు చూసేది సీటునే. చేత్తో తాకేది, కూర్చునేది, వాసన పీల్చేది అక్కడే. చట్టం ఏమీ అడగని ఈ చోట ఏది సరైనదో తేల్చుకోవలసిన బాధ్యత మన మీదే పడింది.

కారు సంగతి పెద్దవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పిల్లల కోసం రెండు మాటలు. అంబాసిడర్ మన దేశంలో పుట్టిన బొమ్మ కాదు. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు దానికి మూలం. హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాల్లోని ఉత్తరపారాలో 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా దాన్ని తయారు చేశారు. డాక్టరు గారిది మార్క్ టూ, 1966లో కొన్నది. ముందు సీటు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే బల్లలాగా ఉంటుంది. గేరు స్టీరింగు పక్కన ఉంటుంది కాబట్టి ముందు ముగ్గురు కూర్చోవచ్చు. మన ఊళ్ళో నలుగురు కూర్చునేవాళ్ళు.

ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళకు అదొక్కటే కారు. నొప్పులు వచ్చిన ఆడవాళ్ళను జిల్లా ఆస్పత్రికి తీసుకువెళ్ళింది అదే. పాము కరిచినవాళ్ళు వెళ్ళింది అందులోనే. మన బడిలో మెట్రిక్ పరీక్ష రోజున జ్వరంతో పడిపోయిన పిల్లవాణ్ణి పరీక్ష హాలుకు చేర్చింది కూడా అదే. ఈ సభలో ఉన్నవాళ్ళలో కొందరి మొదటి ప్రయాణం ఆ వెనక సీటు మీదే, అమ్మ ఒళ్ళో, ఆస్పత్రి నుంచి ఇంటికి. డాక్టరు గారి పెద్దమ్మాయి, మనందరికీ పెద్దక్క, ఆ కారును స్వర్ణోత్సవ సంవత్సరంలో బడికి ఇస్తానన్నారు. బాగు చేయించే ఖర్చు సంఘం పెట్టుకోవాలి. పని చూసుకునే బాధ్యత నాకు పడింది. బస్సు బాడీలు కట్టే చోట ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి కాదనలేకపోయాను.

సీట్ల దగ్గరకు వచ్చేసరికి కార్యవర్గంలో మూడు పక్షాలు తయారయ్యాయి. ఒక పక్షం, "ఎలాగూ కుట్టిస్తున్నాం కదా, మంచి తోలుతో కుట్టిస్తే చూసినవాళ్ళు అబ్బా అంటారు" అన్నది. తోలుకు చెప్పిన ధర రెగ్జిన్ ధరకు దాదాపు మూడింతలు. రెండో పక్షం, "పాతవి అలాగే ఉంచండి, చిరుగులకు మాట్లు వేస్తే చాలు" అన్నది. మూడో పక్షం నాది. అసలు ఆ సీట్లు మొదట ఎలా ఉండేవో తెలుసుకుని ఆ తర్వాత మాట్లాడుకుందాం అన్నాను.

రెండో పక్షం మాటలో న్యాయముంది. పాత కార్ల పనిలో మొదటి సూత్రం, ఉన్నదాన్ని ఉంచగలిగితే ఉంచు. పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఒకటుంది, ఫీవా అంటారు. వాళ్ళు టురిన్ చార్టర్ పేరుతో ఒక నియమావళి పెట్టుకున్నారు. అందులో పరిరక్షణకే పెద్దపీట. కొత్తగా చేసినది ఏదో, పాతది ఏదో తెలిసేలా గుర్తు పెట్టమని, చేసిన పనిని కాగితం మీద పెట్టమని కూడా అందులో ఉంది. కానీ మన కారు సీట్లు ఉంచగలిగే స్థితిలో లేవు. ముందు సీటు మీది రెగ్జిన్ అప్పడంలా విరిగిపోతోంది. పైగా ఆ కనిపించేది అసలుదే కాదు.

ఎలా తెలిసిందంటారా? ఇక్కడే మొదటి పాఠం. పాత సీటును విప్పేటప్పుడు చింపకూడదు, చదవాలి.

పాత పనివాళ్ళకు ఒక అలవాటు ఉంది. పాత కవరు విప్పడానికి పట్టే శ్రమ తగ్గించుకోవడానికి దాని మీదే కొత్తది లాగి కుట్టేస్తారు. మన కారుకు అది మంచిదే అయింది. పైన మెరూన్ రంగు వెల్వెట్. దాని కింద నల్ల రెగ్జిన్, పల్చటి స్పాంజి. దాని కింద మూడో పొర. అది కంపెనీ నుంచి వచ్చినది. కూర్చునే భాగంలో అది పొడిపొడి అయిపోయింది. కానీ సీటు అడుగుకు మడిచి కొక్కేలతో బిగించిన అంచు, పైపింగ్ లోపలి వైపు, వెనక సీటు వీపు కింద రేకును ఆనుకుని ఉన్న నాలుగు వేళ్ళ వెడల్పు, తలుపు అట్టల మీద పిడి బిళ్ళ కింద ఉన్న గుండ్రటి ముక్క, ఇవి ఎండ చూడలేదు, చెమట చూడలేదు. పాత కారు సీటు అసలు రంగు తెలుసుకోవాలంటే వెతకవలసిన చోట్లు ఇవే.

ఇక రంగు. మన ఊళ్ళో అడిగితే సగంమంది గోధుమ రంగు అన్నారు, సగంమంది ఎరుపు అన్నారు. ఒకాయన అయితే తెల్ల సీట్లని పందెం కాశాడు. మడత విప్పి చూస్తే లోపల ముదురు ఎరుపు, పండిన రేగిపండు రంగు. అదే ముక్క బయటి వైపు ఎండకు మాడి గోధుమ రంగుకు తిరిగింది. మొదటి ఏళ్ళలో చూసినవాళ్ళు ఎరుపన్నారు, తర్వాత చూసినవాళ్ళు గోధుమ అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. తెల్ల సీట్ల ఆయన సంగతి తర్వాత చెబుతాను, ఆయనదీ అబద్ధం కాదు.

రెండో పాఠం, కొలత. గీతలు గీతలుగా కుట్టిన సీటుకు ఒక్కొక్క గీత వెడల్పు ఎంతో తెలియాలి. అర సెంటీమీటరు తేడా వచ్చినా సీటు ముఖం మారిపోతుంది. ఒక్క గీతను కొలిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే పాత గుడ్డ ఒకచోట సాగి, ఒకచోట ముడుచుకుని ఉంటుంది. మన సైన్సు మాస్టారు ఎనిమిదో తరగతిలో పుస్తకం కాగితం మందం ఎలా కనుక్కోమన్నారో గుర్తుందా? నూరు కాగితాలు కలిపి కొలిచి నూటితో భాగించమన్నారు. నేను అదే చేశాను. పది గీతలు కలిపి కొలిచి పదితో భాగించాను. ఎడమ వైపు, కుడి వైపు, మధ్యలో విడివిడిగా కొలిచాను. డ్రైవరు కూర్చునే వైపు ఎప్పుడూ ఎక్కువ సాగి ఉంటుంది. అందుకని ఆ వైపు ముక్కను నమూనాగా పెట్టుకోకూడదు. తక్కువ వాడిన వైపును పెట్టుకుని, రెండో వైపుకు తిరగేసి సరిచూసుకోవాలి. ప్రతి ముక్క మీద సుద్దతో నంబరు, పైకి ఏది వస్తుందో బాణం గుర్తు, ఫోటో. ఆ తర్వాతే కుట్లు విప్పాలి.

మూడో పాఠం, సరుకు. రెగ్జిన్ అన్నది మనకు బియ్యం, పప్పు లాంటి మాట అయిపోయింది. బస్సు సీటు రెగ్జిన్, డైరీ అట్ట రెగ్జిన్. నిజానికది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్ళో తయారయ్యేది. నూలు గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి, తోలు మీద ఉండే గీతల్లాంటి అచ్చు వేసేవాళ్ళు. తర్వాతి కాలంలో ఆ పూత స్థానంలో పీవీసీ వచ్చింది. పేరు మాత్రం మన నోట్లో అలాగే ఉండిపోయింది.

తోలు పక్షంవారికి నేను చెప్పింది ఇదే. ఇంగ్లండులో ఖరీదైన కార్లకు తోలు సీట్లు ఉండేవి, నిజమే. 1878లో మొదలైన కానొలీ అనే లండను సంస్థ తోలు రోల్స్‌రాయిస్, జాగ్వార్ సీట్లకు వాడేవాళ్ళు. ఆ కార్లు బాగుచేసేవాళ్ళు తోలు కోసం వెతకడం న్యాయం. మన డాక్టరు గారి కారులో తోలు ఎప్పుడూ లేదు. అందులో తోలు వేస్తే దాన్ని బాగుచేసినట్టు కాదు, దాని గురించి గొప్పలు చెప్పినట్టు. పేదవాడి పటానికి పట్టుపంచె గీయించినట్టు.

సరే, రెగ్జినే వేద్దామనుకుంటే పని అయిపోయినట్టేనా? అసలు కష్టం అక్కడే మొదలైంది. విజయవాడలో, హైదరాబాదులో దుకాణాలన్నీ తిరిగి ఎర్ర రెగ్జిన్ ముక్కలు పంతొమ్మిది పోగుచేశాను. వాటిని నాలుగు రకాలుగా చూడాలి.

ఒకటి, రంగు. దుకాణంలో ట్యూబులైటు కింద ఒకటే అనిపించిన రెండు ఎరుపులు ఎండలోకి తీసుకొస్తే అన్నాతమ్ముళ్ళలా కూడా ఉండవు. అందుకని పాత ముక్కను, కొత్త ముక్కను పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో చూడాలి. మళ్ళీ కారు లోపల నీడలో చూడాలి. పోల్చేది ఎండిన పైభాగంతో కాదు, మడత లోపలి భాగంతో.

రెండు, అచ్చు. తోలు గీతల్లాంటి ఆ గరుకు ఎంత లోతుగా ఉంది, ఎంత పెద్దగా ఉంది అన్నది. కళ్ళు మూసుకుని బొటనవేలితో రాస్తే తెలిసిపోతుంది. పంతొమ్మిది ముక్కల్లో పదకొండు ఈ పరీక్షలోనే పోయాయి.

మూడు, మెరుపు. ఈ రోజుల్లో రెగ్జిన్ ఎక్కువ మెరుస్తుంది, లేదా అసలు మెరవదు. పాతది ఆ రెంటికీ మధ్య ఉంటుంది.

నాలుగు, వెనక గుడ్డ. దీన్ని చాలామంది చూడరు. పాత ముక్క తిరగేస్తే నేసిన నూలు గుడ్డ ఉంది. ఇప్పుడు వచ్చే వాటిలో చాలావాటికి వెనక బనియను గుడ్డలా అల్లిన పాలిస్టరు ఉంటుంది. అది సాగుతుంది. సాగే గుడ్డ పనివాడికి సుఖం, ఎలా లాగినా మూలలు నున్నగా కూర్చుంటాయి. కానీ పాత సీటు మూలల దగ్గర చిన్న చిన్న కుచ్చులు ఉండేవి. సాగే గుడ్డతో కుడితే ఆ కుచ్చులు రావు, సీటు కొత్త కారు సీటులా బిగిసి కనిపిస్తుంది. ఎందుకు తేడాగా ఉందో చూసేవాడు చెప్పలేడు గాని, తేడా ఉందని మాత్రం తెలిసిపోతుంది.

ఈ నాలుగు పరీక్షలకూ నిలిచినవి రెండే ముక్కలు. వాటిలో ఒకదానికి దుకాణంలో మిగిలింది మూడు మీటర్లే. రెండోదాన్ని ఒకే చుట్ట నుంచి కావలసినదానికంటే రెండు మీటర్లు ఎక్కువగా కొన్నాం. ఒక తడవ తయారైన రంగు మరో తడవ రంగుతో సరిపోదు. రేపు ఎవరైనా సీటు చింపితే మాటు వేయడానికి అదే చుట్ట ముక్క ఉండాలి.

ఇక్కడ మిషిగన్‌లో ఉన్న మన బ్యాచ్ మిత్రుడు ఫోనులో, "ఇంత తంటా ఎందుకురా, ఇక్కడైతే పెట్టె తెప్పించుకుని తొడిగేసుకుంటాం" అన్నాడు. వాడి దగ్గర 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఉంది. ఆ కారు 1964 ఏప్రిల్ 17న విడుదలైంది, లక్షల్లో అమ్ముడైంది. కాబట్టి దాని సీట్ల కవర్లు ఇప్పటికీ అచ్చంగా తయారు చేసి అమ్మేవాళ్ళున్నారు. డ్రైవరు తలుపుకు ఒక చిన్న రేకు ఉంటుంది. దాని మీద ట్రిమ్ కోడ్ అని ఉంటుంది. 1965 మోడలులో 26 ఉంటే నల్లటి మామూలు సీట్లు, 66 ఉంటే నల్లటిదే ఖరీదైన రకం. ఆ ఖరీదైన రకం సీటు వీపు మీద పరిగెత్తే గుర్రాల బొమ్మలు అచ్చు వేసి ఉంటాయి. కోడ్ చూసి కొనుక్కోవడమే.

అయితే అక్కడా మోసపోయే దారులున్నాయని వాడే చెప్పాడు. గుర్రాల సీట్లు అందంగా ఉంటాయని 26 కోడ్ కారుకు కూడా వాటిని తొడిగేవాళ్ళు బోలెడంతమంది. 1965 మామూలు సీటు, 1966 మామూలు సీటు ఒకటి కావు. దూరం నుంచి ఒకటే అనిపిస్తాయి, దగ్గరకు వెళితే నమూనా వేరు. తెలియక ఒకదాని బదులు మరొకటి కొనేవాళ్ళున్నారు. కార్వెట్ కార్ల వాళ్ళకు 1974లో మొదలైన ఒక సంఘం ఉంది. వాళ్ళ పోటీల్లో కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా ఉందా అని మార్కులు వేస్తారు. ఫ్యాక్టరీ చేసినదానికంటే బాగా చేస్తే మార్కులు పోతాయి. మన లెక్కల మాస్టారు అడిగినదానికంటే ఎక్కువ రాస్తే మార్కులు కోసేవారే, అచ్చం అలాగన్నమాట.

మనకు ట్రిమ్ కోడ్ చూసి తెప్పించుకునే పెట్టెలు లేవు. కాబట్టి మన పాత సీటు ముక్కే మన కోడ్. అందుకే దాన్ని చింపి చెత్తలో వేయకూడదని మొత్తుకునేది. అది పోతే అడగడానికి ఇంకెవరూ లేరు.

నాలుగో పాఠం, లోపలి సరుకు. కవరు ఎంత సరిగ్గా కుట్టినా దాని లోపల ఏముందో దాన్నిబట్టే సీటు ఆకారం ఉంటుంది. మన కారు సీటులో అడుగున స్ప్రింగుల చట్రం, దాని మీద గోనెపట్ట, దాని మీద కొబ్బరిపీచు, దాని మీద దూది పరుపు. దానివల్ల సీటు మధ్యలో కొద్దిగా ఎత్తుగా ఉండి అంచులకు మెల్లగా దిగుతుంది. ఇప్పుడు అందరూ ఫోమ్ దిమ్మ కోసి పెడతారు. పెడితే సీటు పూరీలా ఉబ్బుతుంది. గీతల మధ్య లోతులు ఎక్కువవుతాయి. ఎత్తు రెండంగుళాలు పెరిగి డ్రైవరు తల కప్పుకు తగులుతుంది. స్ప్రింగుల్లో విరిగినవి ఐదే. వాటిని మార్చాం. గోనెపట్ట కొత్తది. పీచు కోనసీమ నుంచి వచ్చింది. అక్కడి మన బడి కోడలు ఒకావిడ డబ్బు తీసుకోకుండా పంపారు. ఆవిడ ఎందుకు తీసుకోలేదో తర్వాత తెలిసింది. వాళ్ళాయన ఆ కారులో ఆస్పత్రికి వెళ్ళి బతికిన మనిషి.

ఇక కుట్టేది ఎవరు? విజయవాడలో ఒక మేస్త్రీ గారు దొరికారు. వాళ్ళ తాత కాలం నుంచి కుషన్ పనే. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన, "డైమండ్ కుట్టు వేస్తానండి, ఇప్పుడు అందరూ అదే అడుగుతున్నారు. నాలుగు రోజుల్లో ఇచ్చేస్తాను" అన్నారు. నేను పాత ముక్క చేతిలో పెట్టాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. తిరగేశారు. గోటితో కుట్టు గీరారు. అప్పుడు, "కొత్తది కుట్టమంటే రేటు ఇప్పుడే చెబుతానండి. ఇలాంటిది కుట్టమంటే నాకు కాస్త టైమివ్వాలి. ఇది మా నాన్న కుట్టు" అన్నారు. వాళ్ళ నాన్న కుట్టిందని కాదు, ఆ తరం పద్ధతి అని.

కుట్టు గురించి ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటి చెబుతాను. బట్ట మీద కుట్లు దగ్గరగా పడితే బలం. రెగ్జిన్ మీద దగ్గరగా పడితే బలహీనం. సూది పెట్టిన ప్రతి బెజ్జం ఒక చిల్లు. చిల్లులు దగ్గరయితే తపాలా బిళ్ళల షీటులాగా ఆ వరసలోనే చిరిగిపోతుంది. పాతవాళ్ళు పెద్ద కుట్లు వేసింది బద్ధకం వల్ల కాదు. అంగుళానికి ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టి ఆయన మిషను అలాగే పెట్టుకున్నారు. గీతల మధ్య దూది కూరి కుడితే గుడ్డ కురచ అవుతుంది కాబట్టి ముందుగా ఒక చిన్న ముక్క కుట్టి, ఎంత కురచ అవుతుందో చూసుకుని, ఆ తర్వాతే అసలు గుడ్డ కోశారు. ఆ నమూనా ముక్క మూడుసార్లు విప్పి కుట్టారు. అదనంగా ఒక్క రూపాయి అడగలేదు.

ఒక్క చోట మాత్రం పాతదానికి తెలిసే దూరం జరిగాం. అది దారం. పాతది నూలు దారం, చెమటకు, తేమకు పుచ్చిపోయింది. అందుకే కుట్లు ఊడాయి. మన ఊరి గాలికి మళ్ళీ నూలు వేస్తే పదేళ్ళు కూడా ఆగదు. అదే మందం, అదే రంగు, మెరుపు లేని పాలిస్టరు దారం వాడాం. కంటికి తేడా తెలియదు. కానీ వాడామని రాసిపెట్టాం. రాసిపెట్టిన మార్పు మార్పుగానే ఉంటుంది. రాయని మార్పు కొన్నాళ్ళకు చరిత్ర అయిపోతుంది.

అంతా కుదిరిందనుకున్నాక పెద్దక్క ఒక మాట అన్నారు. కొత్త సీట్లు బిగించకముందు మేస్త్రీ గారి దుకాణానికి వచ్చి, ఆ ఎర్రటి సీటు చూసి, "ఒరేయ్, ఇది మా కారేనా? నాన్నగారు ఉండగా ఈ రంగు మేమే సరిగా చూడలేదురా. ఎప్పుడూ తెల్ల కవర్లే కదా" అన్నారు.

తెల్ల సీట్ల మీద పందెం కాసినాయన గెలిచింది ఇక్కడ. డాక్టరు గారు కారు కొన్న కొన్నేళ్ళకే సీట్లకు తెల్లటి నూలు కవర్లు తొడిగించారు. వారానికోసారి విప్పి, సోడా వేసి ఉడకబెట్టి, నీలిమందు పెట్టి ఆరేసేవాళ్ళు. రక్తం, వాంతి, బురద అన్నీ ఆ సీటు మీదే. రెగ్జిన్ కుట్లలోకి దిగిన మురికి పోదు, గుడ్డయితే ఉడకబెట్టవచ్చు. షోకు కోసం తొడిగిన కవర్లు కావవి, రోగుల కోసం తొడిగినవి. ఆస్పత్రికి వెళ్ళిన ఆడవాళ్ళకు గుర్తున్నది ఆ తెలుపే.

అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. మనం దేనికి నిజంగా ఉండాలి? 1966లో ఉత్తరపారా నుంచి వచ్చిన కారుకా, మన ఊరు ఎరిగిన కారుకా?

రెండు రోజులు దీని మీద మాట్లాడుకున్నాం. ఫోటోలు తెప్పించాం. ఎవరి పెళ్ళి ఆల్బంలోనో ఒక నలుపు తెలుపు ఫోటో దొరికింది. కారు తలుపు తీసి ఉంది. వెనక సీటు మీద తెల్ల కవరు, దానికి పక్కన నాడాలు కట్టి ఉన్నాయి, వీపు పైన నాలుగు వేళ్ళ వెడల్పు నల్లగా కనిపిస్తోంది. ఆ నలుపే మన ఎరుపు. ఆ ఫోటోలోని నాడాల ముడి చూసి పెద్దక్క కళ్ళు తుడుచుకున్నారు. ఆ ముడి వాళ్ళమ్మగారిదట.

తేల్చింది ఇది. అడుగున సీటు కంపెనీ నుంచి వచ్చినట్టే, ముదురు ఎరుపు, అవే గీతలు, అవే కుట్లు. దాని మీద వెనక సీటుకు మాత్రం నాడాలు కట్టే తెల్లటి నూలు కవరు, ఆ ఫోటోలో ఉన్నట్టే. ముందు సీటు తెరిచే ఉంటుంది. చూడటానికి వచ్చిన పిల్లవాడు ముందు సీటులో ఫ్యాక్టరీని చూస్తాడు, వెనక సీటులో డాక్టరు గారిని చూస్తాడు. "ఎవరికీ కనిపించని ఎరుపుకు ఇంత ఖర్చెందుకు" అని కోశాధికారి గారు అడిగారు. తెల్ల కవరు విప్పినప్పుడు కింద అబద్ధం ఉండకూడదు కదా అన్నాను. ఆయన లెక్క పుస్తకం మూసేశారు. అది ఒప్పుకోవడమో, విసుగో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంత చాదస్తం ఎందుకని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. నా సమాధానం ఒక్కటే. మనకు గుర్తుంది కాబట్టి మనల్ని ఎవరూ మోసం చేయలేరు. తోలు సీటు వేసినా, "అప్పుడిలా లేదే" అనుకుంటాం. ఇంకో ఇరవై ఏళ్ళకు అలా అనేవాళ్ళు ఉండరు. ఆరో తరగతి పిల్లవాడు ఆ కారు చూసి, అప్పటి డాక్టర్లు మెత్తటి తోలు సీట్ల మీద తిరిగేవాళ్ళని నమ్ముతాడు. వాడి నమ్మకానికి మనం బాధ్యులం. పాత వస్తువుకు నకలు చేయించడమంటే సాక్ష్యం చెప్పడం లాంటిది. చూసింది చూసినట్టు చెప్పాలి. తెలియని చోట కల్పించకూడదు.

అందుకే మూడు పనులు చేశాం. ముందు సీటు అడుగున, చట్రానికి కట్టిన చిన్న అల్యూమినియం బిళ్ళ మీద ఈ సీట్లు మళ్ళీ కుట్టినవని, ఏ సంవత్సరంలో, ఏ సరుకుతో కుట్టారో చెక్కించాం. మేస్త్రీ గారి పేరు కూడా అక్కడ ఉంది. పాత సీటు మూడు పొరల ముక్కలు, మిగిలిన స్ప్రింగులు, పంతొమ్మిది నమూనాల్లో ఓడిపోయిన పద్దెనిమిది ముక్కలు, కొలతల కాగితాలు ఒక రేకు పెట్టెలో పెట్టి బడి గ్రంథాలయానికి ఇచ్చాం. ఎక్కువ కొన్న రెండు మీటర్ల రెగ్జిన్ చుట్టి, మడత పడకుండా, ఆ పెట్టె పక్కనే ఉంచాం. మడిచి పెడితే గీత పడి అక్కడే విరుగుతుంది. దయచేసి ఎవరూ దాన్ని మడవకండి.

మీ ఇళ్ళల్లో కూడా పాత కారో, స్కూటరో, తాతగారి పడక్కుర్చీయో ఉండవచ్చు. బాగు చేయించండి, తప్పకుండా చేయించండి. చేయించే ముందు రోజు మాత్రం ఒక గంట కూర్చుని, మడతలు విప్పి చూడండి. ఒక ఫోటో తీయండి. పాతదాంట్లో జానెడు ముక్క దాచండి. పనివాడికి నమూనా చూపించండి, ఆయన చెప్పేది వినండి. మన చేతివృత్తుల వాళ్ళకు తెలిసినదాంట్లో సగం మనం అడగకపోవడం వల్లే పోతోంది.

కారు ప్రస్తుతం డ్రాయింగు హాలు పక్కన రేకుల షెడ్డులో ఉంది. భోజనాల తర్వాత తలుపులు తీసి ఉంచుతారు. అందరూ కూర్చోవచ్చు, సీట్లు కూర్చోవడానికే కుట్టించాం. వెనక సీటు తెల్ల కవరు మాసిపోతుందని ఎవరూ మొహమాటపడవద్దు. ఉతకడానికి రెండో జత ఉంది. పెద్దక్క దగ్గరుండి కుట్టించారు.

మీ దగ్గర ఆ కారు ఉన్న ఫోటో ఏదైనా ఉంటే, ఎంత మసకగా ఉన్నా సరే, సంఘం కార్యాలయంలో ఇవ్వండి. కాపీ తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. ముందు తలుపు అట్ట మీద ఒక జేబు ఉండేదా లేదా అన్నది ఇంకా తేలలేదు. తేలేవరకు అక్కడ ఏమీ పెట్టలేదు.